రెండుసార్లు ఎంటర్

హేమ్లాను మొదట కొట్టింది నేనే. ఆ తర్వాత కొట్టినవాళ్ళ పేర్లన్నీ పోలీసులు రాసుకున్నారు. ఆ కాగితాల్లో నా చెంపదెబ్బ లేదు. ఒక్క చెంపదెబ్బేగా, దాన్నేం రాస్తాంలే అనుకుని ఉంటారు. అందుకే నేను రాస్తున్నాను.

నా పేరు చందర్. మా నాన్న ఇల్లెందు బాయిలో బొగ్గు కోసినవాడు. నేను ఖమ్మంలో ఉంటూ చిన్నాపెద్దా కంపెనీల సర్వర్లు చూసుకుంటాను. నాకు కోపం ఎక్కువ. "చందర్ పని మంచిగ చేస్తడు గని ముక్కు మీద కోపం" అని అందరూ అనేవాళ్ళు. అది మెచ్చుకోలే అనుకుని మురిసిపోయేవాణ్ణి.

దమ్మపేట దాటి అడవి మొదలయ్యే చోట ఒక పామాయిల్ మిల్లు ఉంది. పెట్టింది పిచ్చయ్యగారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ తోటలు వేసి స్థిరపడిన కుటుంబం వాళ్ళది. నడిపేది ఆయన కొడుకు నాగచైతన్య. అందరూ చిన్నబాబు అంటారు. ఆ మిల్లులో మూడు సర్వర్లు నా చేతిలో ఉండేవి. ఒకటి బండ్ల తూకాలు చూస్తుంది, ఒకటి ఆఫీసుది, మూడోది ఆవిరిది. పామాయిల్ గెలల్ని ముందు ఆవిరిలో ఉడికిస్తారు. అందుకు లారీ అంత పొడవున్న ఇనప డ్రమ్ములు ఉంటాయి. వాటిలోకి ఆవిరి ఎప్పుడు వదలాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేది ఆ మూడో సర్వరే.

అడవి అంచున నెట్ సంగతి చెప్పనక్కర్లేదు. గాలి గట్టిగా వీస్తే పోతుంది. నెట్ పోయిందంటే ఖమ్మంలో కూర్చున్న నాకు ఆ సర్వర్లు ఉన్నా లేనట్టే. అందుకని ఒక వెనక దారి పెట్టాను. దాన్ని కన్సోల్ అంటారు. సర్వర్ వెనక చిన్న రంధ్రం, అందులోకి ఒక నీలం కేబుల్, ఆ కేబుల్ రెండో చివర మామూలు లాప్‌టాప్. దానికి నెట్‌తో పనిలేదు. సర్వర్ కొన ఊపిరితో ఉన్నా కన్సోల్‌లో పలుకుతుంది. మిగతా కంపెనీలవాళ్ళు సర్వర్ ఆగితే పూటంతా తలలు పట్టుకునేవాళ్ళు. మా మిల్లులో పావుగంటలో లేచేది. "నా కన్సోల్ ఎన్నడూ మోసం చెయ్యదు" అని చిన్నబాబుతో ఎన్నిసార్లు అన్నానో. అది నిజమే. చివరిదాకా మోసం చెయ్యలేదు.

కేబుల్ ఉంటే చాలదు, అక్కడ దాన్ని పెట్టే మనిషి ఉండాలి. ఆ మనిషి హేమ్లా. దుమ్ముగూడెం అవతల అడవిలో ఒక గూడెం వాడిది. నలభై ఏళ్ళుంటాయి. బాయిలర్ కింద బూడిద తోడుతున్నవాణ్ణి నేనే పట్టుబట్టి సర్వర్ గదికి మార్పించాను. ఎందుకంటే చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, సొంత తెలివి చూపించడు. ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుని ఒక్కొక్కటే ఫోన్‌లో చదివేవాడు. నేను విని, ఏం నొక్కాలో చెప్పేవాణ్ణి. ఆరేళ్ళు అలా నడిచింది. వాడి కోసం ఒక అట్టముక్క మీద తెలుగులో రాసి గోడకు అంటించాను: సర్వర్ తెర నల్లబడితే లాప్‌టాప్‌కి నీలం కేబుల్ పెట్టు, ఎంటర్ రెండుసార్లు నొక్కు, ఏం కనబడితే అది నాకు చదువు. కన్సోల్ పలకకుండా ఉంటే లేపడానికి ఎవరైనా చేసేది అదే. తలుపు మీద రెండుసార్లు తట్టినట్టు, ఉత్తి ఎంటర్ రెండుసార్లు.

ఒక శనివారం సాయంత్రం ఆవిరి సర్వర్‌ని రీస్టార్ట్ చెయ్యడానికి మిల్లుకు వెళ్ళాను. దాన్ని రీస్టార్ట్ చేస్తే ఒక తిరకాసు ఉంది. లేవగానే వాల్వులు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి ఒక్కొక్కదాన్నీ ఒక నిమిషం పాటు తెరిచి మూస్తుంది. కాబట్టి డ్రమ్ములు ఖాళీగా ఉన్నాయని కళ్ళతో చూసుకున్నాకే చెయ్యాలి. నేను నా లాప్‌టాప్‌కి నీలం కేబుల్ పెట్టాను, లాగిన్ అయ్యాను, రీస్టార్ట్ కమాండు రాశాను. ఎంటర్ నొక్కే ముందు సూపర్‌వైజర్‌ని అడిగితే "గెలలు ఉడుకుతున్నయ్ సార్, ఐదు నిమిషాలు ఆగున్రి" అన్నాడు. సరే అని ఆగాను.

ఆ ఐదు నిమిషాల్లో చిన్నబాబు ఇద్దరు మెకానిక్కుల్ని వెంటేసుకుని వచ్చాడు. ఆయన గదిలో ఏసీ పాడైందట. సర్వర్ గది ఏసీ పీకి అక్కడ పెట్టిస్తాడట.

"సర్వర్లకి ఫ్యాన్ సరిపోదా చందర్ గారూ?" అన్నాడు.

"మీకు సరిపోదా?" అన్నాను.

మాటా మాటా పెరిగింది. మెకానిక్కుల ముందు నన్ను "జీతగాడివి" అన్నాడు. నాకు కళ్ళు ఎర్రబడ్డాయి. నీలం కేబుల్ ఒక్క గుంజు గుంజి, లాప్‌టాప్ టపీమని మూసి, సంచిలో కుక్కుకుని బయటపడ్డాను. సోమవారం డ్రమ్ములు కడుగుతారు, కడిగాక వచ్చి చేస్తానని సూపర్‌వైజర్‌కి అరిచి చెప్పి బండెక్కాను.

సోమవారం పొద్దున ఖమ్మంలో బయలుదేరి ఏన్కూరులో చాయ్ కోసం ఆగాను. పదిన్నర దాటింది. హేమ్లా ఫోన్ చేశాడు.

"సార్, మూడో దాని తెర నల్లగైంది."

"కార్డు గోడకు ఎందుకు అంటించిన? చూసి చెయ్."

"మీరు వస్తున్నరు గదా సార్. వచ్చినంక చేద్దమా?"

"ప్రతిదానికి నేను రావాల్నా? ఏన్కూరుల చాయ్ తాగుతున్న. కేబుల్ పెట్టు, నొక్కు."

కేబుల్ పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత కీ నొక్కిన చప్పుడు, రెండుసార్లు.

"సార్, ఏవో అక్షరాలు జల్దీ జల్దీ పోతున్నయ్ సార్. చదవస్తలేదు."

"ఆగు, ఆగినంక చదువు" అన్నాను. ఇంతలో అవతల ఎక్కడో దూరంగా ఒక అరుపు వినబడింది. ఫోన్ కట్టయింది. సిగ్నల్ పోయిందనుకున్నాను. చాయ్ మొత్తం తాగాను. ఇంకోటి కూడా చెప్పించుకున్నాను.

నేను మిల్లు చేరేసరికి పన్నెండు దాటింది. గేటు పక్క గది అద్దాలన్నీ పగిలి ఉన్నాయి. సూపర్‌వైజర్ తల పగిలి, లుంగీ ముక్క కట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గెలలు దింపే ర్యాంపు మీద నీలం పట్టా పరిచి ఉంది. దాని మీద మంగయ్య ఉన్నాడు. డ్రమ్ములు కడిగే కాంట్రాక్టు పనివాడు. ముఖం చూస్తే పోల్చుకోలేకపోయాను. ఎవరో పేరు చెబితే తెలిసింది. చేతుల మీద తోలు ఊడి గ్లౌజుల్లా వేలాడుతోంది. మంగయ్య డ్రమ్ము లోపల ఉండగా ఆవిరి వచ్చింది. ఒక్క నిమిషం. లోపలి నుంచి డ్రమ్ము గోడని పిడికిళ్ళతో కొట్టాడట. తలుపు దాకా పాక్కుంటూ వచ్చాడట. బయటికి లాగాక పావుగంట బతికాడు.

పట్టా పక్కన బతుకమ్మ కూర్చుని ఉంది. మంగయ్యకు అక్క. రాలిన గింజలు ఏరే ఆడవాళ్ళకు మేస్త్రి. వాళ్ళమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. ఏడవడం లేదు. తమ్ముడి కాళ్ళ వైపు చూస్తోంది. ముఖమూ చేతులూ పోయినా పాదాలు మాత్రం బాగానే ఉన్నాయి, బూట్లు ఉండబట్టి.

నూరు, నూటయాభై మంది ఉంటారు. మిల్లువాళ్ళు, హమాలీలు, గెలల ట్రాక్టర్లతో వచ్చినవాళ్ళు. మేడ మీద వరండాలో నిలబడి చిన్నబాబు గొంతు చించుకుంటున్నాడు. "మిల్లు తప్పేం లేదు! సర్వర్ గదిలో హేమ్లా ఏదో నొక్కాడు! అడగండి వాణ్ణే!"

హేమ్లా బండ్లు తూచే వేబ్రిడ్జి స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అప్పటికింకా ఎవరూ చెయ్యి వెయ్యలేదు. చుట్టూ చేరి అడుగుతున్నారంతే. "ఏం నొక్కినవ్? ఎందుకు నొక్కినవ్?" నన్ను చూడగానే వాడి ముఖం వెలిగింది. సార్ వచ్చాడు, ఇక సార్ చెప్తాడు అనుకున్నాడు.

"కార్డు సూసే నొక్కిన సార్" అన్నాడు అందరికీ వినబడేట్టు. "మీరే నొక్కమన్నరు ఫోన్ల."

అందరి తలలూ నా వైపు తిరిగాయి. నేను నడిచి వెళ్ళి వాడి చెంప ఛెళ్ళుమనిపించాను. "ఎంటర్ నొక్కమన్న రా నేను! ఇంకేం నొక్కినవ్ చెప్పు!" అప్పుడు అది కోపం అనుకున్నాను. కాదు, భయం. వాడి నోటి వెంట ఇంకొక్క మాట రాకూడదని కొట్టాను.

"సారే కొట్టిండు, సూడున్రి. వీడిదే తప్పు" అన్నాడెవడో వెనక నుంచి.

అంతే. అప్పటిదాకా పట్టుకుని ఉన్నదేదో తెగింది. ముందు ఒకడు గుండెల మీద తన్నాడు. హేమ్లా స్తంభానికి కొట్టుకుని కిందపడ్డాడు. పామాయిల్ మట్టలకు రెండు అంచులా రంపం పళ్ళలాంటి ముళ్ళుంటాయి. ఇద్దరు కుర్రాళ్ళు చెరో మట్ట తీసుకుని వీపు మీద కొట్టారు. కొట్టి ఊరుకోకుండా లాగారు. చొక్కాతో పాటు తోలు వచ్చింది. ఒకడు వాడి కుడి అరచెయ్యి నేలకేసి పెట్టి "ఏ వేలుతోని నొక్కినవ్ రా?" అని అడుగుతూ గెలలు లాగే ఇనప కొక్కెంతో ఒక్కొక్క వేలే కొట్టాడు. నేను రెండు వేళ్ళ దాకా చూసి సర్వర్ గదిలోకి వెళ్ళిపోయాను. చిన్నబాబు మేడ దిగి నా వెనకే వచ్చి తలుపు గడియ పెట్టాడు.

హేమ్లా అసలేం నొక్కాడో బయటపెట్టాలని నా ఆత్రం. సర్వర్ ప్రతిదీ రాసి పెట్టుకుంటుంది, ఎవరు వచ్చారు, ఎప్పుడు వచ్చారు, ఏం చేశారు అని. లాగిన్ అయి చూశాను. రీస్టార్ట్ కమాండు సోమవారం పదీ నలభై రెండుకు నడిచింది. నడిపింది చందర్. ఆ చందర్ లోపలికి వచ్చింది శనివారం సాయంత్రం నాలుగూ పదికి. వచ్చాక బయటికి వెళ్ళలేదు.

కాసేపు నాకు బుర్ర పనిచెయ్యలేదు. తర్వాత అర్థమైంది.

కన్సోల్‌లో కేబుల్ గుంజినంత మాత్రాన లాగిన్ పోదు. కేబుల్ తీసేసిన సంగతి సర్వర్‌కి తెలియనే తెలియదు. నేను శనివారం రాసి వదిలేసిన లైను రాసినట్టే ఉండిపోయింది, ఎంటర్ ఎవరు నొక్కుతారా అని రెండు రోజులు. హేమ్లా వచ్చి నేను గోడకు అంటించిన కార్డు చూసి, నేను ఫోన్లో గద్దిస్తే, నొక్కాడు. పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు నేను మొట్టమొదట చెప్పే జాగ్రత్త ఇది. కన్సోల్ వదిలేముందు లైను చెరుపు, లాగౌట్ కొట్టు, అప్పుడు కేబుల్ తియ్యి. ఎన్ని వందల సార్లు చెప్పానో. ఒక్కసారి ఏసీ కోసం కోపమొచ్చి మరిచిపోయాను. మంగయ్య అందుకు చచ్చిపోయాడు.

నా భుజం మీంచి చిన్నబాబు చూస్తున్నాడు. అతనికి లైన్లు అర్థం కావు గానీ నా పేరు అర్థమైంది.

"మీ పేరా అది?" అన్నాడు మెల్లగా. "తీసెయ్యండి చందర్ గారూ. పోలీసులు అరగంటలో వస్తారు. ఈలోపు తీసెయ్యండి."

"బయట వాణ్ణి చంపుతున్నారు."

"వాళ్ళని ఇప్పుడు మీరు ఆపగలరా, నేను ఆపగలనా? చూడండి, డ్రమ్ము బయట ఆవిరిని ఆపే చేతి చక్రం ఆర్నెల్లుగా పట్టేసింది. అది తిరిగి ఉంటే బిగించి తాళం వేసేవాళ్ళు, మీ సర్వర్ ఏం చేసినా ఆవిరి వచ్చేది కాదు. ఆ సంగతి నాకు తెలుసు, మీకూ తెలుసు. ఇద్దరం మునగడం ఎందుకు? ఎలాగూ వాడి పేరు వచ్చేసింది."

ఇక్కడ నేను మంచివాణ్ణని రాసుకుంటే అది అబద్ధం. నేను ఆలోచించాను. ఆలోచించడమే కాదు, ఆ లైన్లు చెరిపే కమాండు సగం రాశాను. రేకు గోడ అవతల నుంచి దెబ్బల చప్పుడు వినబడుతూనే ఉంది. మట్ట చప్పుడు వేరు, కర్ర చప్పుడు వేరు. హేమ్లా అప్పటిదాకా తెలుగులో "నాకేం తెల్వదు, నాకేం తెల్వదు" అంటూ ఉన్నాడు. ఉన్నట్టుండి వాడి భాషలో అరవడం మొదలుపెట్టాడు. నీళ్ళడిగాడో, ఎవరినైనా పిలిచాడో తెలియదు. ఆరేళ్ళు నాతో పనిచేశాడు. వాడి భాషలో ఒక్క మాట కూడా నేను నేర్చుకోలేదు. నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది, చెమటలు పట్టేంత.

రాసిన సగం చెరిపేసి లేచాను. చిన్నబాబు తలుపుకు అడ్డం నిలబడ్డాడు. కాలరు పట్టుకుని అతని తల సర్వర్ల ఇనప బీరువాకేసి కొట్టాను. కనుబొమ్మ చీలి రక్తం కళ్ళలోకి కారింది. లేవబోతే ఇంకోసారి కొట్టాను. ఆ రెండు దెబ్బలకు మాత్రం నాకు ఇప్పటికీ బాధ లేదు.

బయటికి వచ్చేసరికి హేమ్లాను స్తంభానికి కట్టేశారు. తల వాలిపోయి ఉంది. కుడి చెయ్యి చెయ్యిలా లేదు. వాడి ముందు నిలబడి అరిచాను. "ఆపున్రి! చేసింది నేను! శనివారం నేను రాసి పెట్టిన, వీడికి తెల్వదు! నేను, నేను!"

కర్రలు ఆగాయి. బతుకమ్మ పట్టా దగ్గర్నుంచి లేచి వచ్చింది. చేతిలో గింజలు ఏరే చిన్న ఇనప కొక్కెం ఉంది.

"సారూ, నువ్వు ఈడ లేవు" అంది. "ఏన్కూరుల చాయ్ తాగుతున్నవట గదా. ఆడ చాయ్ తాగుకుంట ఈడ మావోణ్ణి ఎట్ల సంపుతవ్?"

"రాసింది శనివారం అక్కా. అది అట్లనే ఉండిపోయింది. వీడు ఉత్త ఎంటర్ నొక్కిండు."

"శనారం రాసిన అక్షరం సోమారం మనిషిని సంపుతదా?"

గుంపులో ఎవడో నవ్వాడు. "సార్ దయగల్లోడు, వాణ్ణి కాపాడబట్టిండు" అన్నాడు ఇంకొకడు. కర్ర మళ్ళీ లేచింది, హేమ్లా మోకాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. నేను అడ్డం పడితే రెండు దెబ్బలు నా వీపు మీదా పడ్డాయి. "జరుగు సారూ" అంటూనే కొట్టారు. నేరం నాదేనని గొంతు చించుకుని చెబుతుంటే నన్ను మర్యాదగా పక్కకు నెడుతున్నారు. అంతకన్నా ఘోరం ఇంకోటి లేదనిపించింది.

"అక్కా, నీకు చూపిస్త!" బతుకమ్మ చెయ్యి పట్టుకున్నాను. "నీ కళ్ళతోని చూడు. నువ్వే నొక్కు. అప్పుడు కూడా నమ్మకపోతే ఇద్దర్నీ చంపున్రి."

బతుకమ్మ నా చెయ్యి విడిపించుకుంది. తర్వాత గుంపు వైపు తిరిగింది. "నేను వచ్చేదాక వాని మీద చెయ్యెయ్యొద్దు. కట్లిప్పి కూసోబెట్టున్రి. నీళ్ళు తాపున్రి."

ఆవిడ మాటంటే మాటే. కట్లు విప్పి కూర్చోబెట్టారు. ఎవరో చెంబుతో నీళ్ళు తెచ్చారు. హేమ్లా రెండు గుక్కలు తాగడం నేను చూశాను. బతికాడు అనుకున్నాను. నేను పరిగెత్తినట్టే గదిలోకి వెళ్ళాను. బతుకమ్మ వెనక వచ్చింది, ఇద్దరు హమాలీలు వచ్చారు. చిన్నబాబు మూలన రుమాలు కళ్ళకు అదుముకుని కూర్చున్నాడు. ఎవరూ అతని వైపు చూడలేదు.

ఏం రాసి చూపించాలి? తెర మీద తేదీ చూపించే కమాండు రాయొచ్చు. కానీ నాలుగు ఇంగ్లిష్ అంకెలు చూసి ఆవిడ ఏం నమ్ముతుంది? అనుమానం మిగలకూడదు. గదికి అవతల, దూరంగా, ఏదో ఒకటి జరగాలి. ఆవిరి సర్వర్ చేతిలో మిల్లు సైరన్ కూడా ఉంటుంది. ఒత్తిడి ఎక్కువైతే మోగడానికి. అదే మంచిది అనుకున్నాను.

"చూడు అక్కా, ఇప్పుడు నేను శనివారంలో ఉన్న" అన్నాను. కేబుల్ పెట్టి లాగిన్ అయ్యి, సైరన్ కమాండు రాశాను. ఎంటర్ నొక్కలేదు. కేబుల్ గుంజేశాను. నా లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టాను. "నేను పోయిన. ఖమ్మం పోయిన. ఇప్పుడు సోమవారం. నువ్వు హేమ్లావి. కార్డు మీద ఏమున్నదో అది చెయ్యి."

హేమ్లా వాడే పాత లాప్‌టాప్ బల్ల మీద ఉంది. బతుకమ్మ కొక్కెం పక్కన పెట్టింది. గోడ మీద కార్డును పెదాలు కదుపుతూ చదువుకుంది. నీలం కేబుల్ చివర ఆ లాప్‌టాప్‌లోకి గుచ్చింది. ఎంటర్ ఏదో నేను వేలితో చూపించాను. నొక్కింది. ఇంకోసారి నొక్కింది.

సైరన్ లేచింది. గది రేకులు అదిరాయి. హమాలీలిద్దరూ ఎగిరిపడ్డారు. బతుకమ్మ కదల్లేదు. తన వేలి కింద కీని చూసింది, మూసి ఉన్న నా సంచిని చూసింది, నన్ను చూసింది. ఆవిడకు మొత్తం అర్థమైంది. నేను సైరన్ ఆపేసరికి అర నిమిషం పట్టింది.

"గిదేనా?" అంది.

"గిదే అక్కా."

"గిట్లనేనా మావోణ్ణి సంపినవ్?"

"అవ్."

పిడికిలి బిగించి నా నోటి మీద కొట్టింది. పై పన్ను ఒకటి విరిగి నాలుక మీద పడింది. రెండోసారి కొడుతుందని కళ్ళు మూసుకున్నాను. కొట్టలేదు. "నీ సంగతి ఎనక సూస్త. ముందుగాల వాణ్ణి దవాఖానకు తీస్కపోవాలె" అంటూ బయటికి నడిచింది. నోట్లోంచి రక్తం కారుతున్నా నాకు ఆ క్షణం హాయిగా అనిపించింది. నమ్మింది. హేమ్లాను వదిలేస్తారు. నన్నేం చేసినా పరవాలేదు.

బయట జనం లేరు. కర్రలు, మట్టలు, చెప్పులు ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. గేటు వైపు పరిగెత్తేవాళ్ళు పరిగెత్తుతున్నారు. ట్రాక్టర్లు స్టార్ట్ చేస్తున్నారు. స్తంభం దగ్గర హేమ్లా పక్కకు ఒరిగి ఉన్నాడు. నీళ్ళ చెంబు కాళ్ళ దగ్గర దొర్లింది. తల వెనక భాగం లోపలికి పోయింది. పక్కనే ఒక గడ్డపార పడి ఉంది, చివర జుట్టు అంటుకుని. కొట్టినవాళ్ళలో ఆ దెబ్బ ఎవరిదో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

పారిపోకుండా మిగిలిన ఒక ముసలి హమాలీ నిలబడి ఉన్నాడు.

"సైరన్ కొట్టిన్రక్కా" అన్నాడు. "తోటలోళ్ళు కర్రలు పట్టుకొని దిగుతరనుకున్నరు జనం. నిన్ను లోపల బంధించిన్రనుకున్నరు. వీణ్ణి ఎత్కపోతే మంగయ్యకు నాయం జరగదని ఒగడు..."

మిల్లులో ఏ గొడవ జరిగినా సైరన్ మోగిస్తారు. మోగిస్తే చుట్టూ తోటల్లో ఉన్న పిచ్చయ్యగారి మనుషులు కర్రలతో వచ్చి పడతారు. నిరుడు జీతాల సమ్మెలో అలాగే వచ్చి పడి ముగ్గురికి చేతులు విరగ్గొట్టారు. ఆ సంగతి అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు.

బతుకమ్మ హేమ్లా పక్కన చతికిలబడింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. కొంగుతో వాడి ముఖం మీద దుమ్ము తుడిచింది. వాడి విరిగిన చేతిని తీసి వాడి ఒళ్ళో పెట్టింది. ఇందాక తమ్ముడి దగ్గర ఏడవనిది ఇక్కడ ఏడ్చింది. నేను ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాను.

"ఆ మోత బయటికి ఇనబడ్తదని నీకెర్కనేనా సారూ?"

"ఎర్కనే."

"తోటలోళ్ళ సంగతి?"

"అది కూడా ఎర్కనే అక్కా. మతికి రాలే."

దూరంగా పోలీసు జీపు హారన్ వినబడింది. గడ్డపార నాకూ ఆవిడకూ మధ్యలో ఉంది. దాన్ని ఆవిడ వైపు నెట్టాను. "కొట్టు అక్కా. నన్ను కొట్టు" అని ఏడ్చాను. నిజంగానే అడిగాను. ఆవిడ ఆ ఒక్క దెబ్బ వేస్తే చాలనిపించింది.

బతుకమ్మ గడ్డపారను చూసింది గానీ ముట్టుకోలేదు.

"ఈసారి నొక్కింది నేను గదా సారూ" అంది. "ఇగ ఎవల్ని కొట్టాలె?"